కోలారు గుహలో ఆకుముక్కు గబ్బిలం



కోలారు జిల్లా అనగానే ఎవరికైనా ముందు బంగారం గుర్తొస్తుంది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పేరు మాత్రం నిలిచిపోయింది. బంగారం తరువాత శ్రీనివాసపురం మామిడి, పట్టు, పాలు, ఈమధ్య టమేటా. ఇవేవీ మనకొక్కరికే సొంతం కావు. మామిడి పక్కన చిత్తూరులోనూ కాస్తుంది, పట్టుగూళ్ళు రామనగరంలోనూ అమ్ముడుపోతాయి. ప్రపంచం మొత్తంలో మన జిల్లాలో తప్ప ఇంకెక్కడా కనిపించనిది ఒకటుంది. అదొక గబ్బిలం. ఈ పూట దాని గురించి, దాని చుట్టపక్కాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను పరిశోధకుణ్ణి కాను. హైస్కూల్లో సైన్సు చెప్పే మేష్టర్ని. బడిలో పాఠం కన్నడంలో, ఇంట్లో మాట తెలుగులో. మా జిల్లాలో ఇది వింత కాదు. పిల్లలు తరగతిలో బావలి అంటారు, ఇంటికి వెళ్ళి గబ్బిలం అంటారు. రెండు భాషల్లోనూ పాపం దానికి మంచి పేరు లేదు. మా అవ్వ బతికున్నప్పుడు, దీపాలు పెట్టే వేళకు నడవలోకి గబ్బిలం వస్తే, “ఒరే, తలకు గుడ్డ కట్టుకోండిరా, జుట్టు పట్టుకుంటే వదలదు” అని కేకలేసేది. మేమంతా దుప్పట్లు కప్పుకునేవాళ్ళం. ఆ గబ్బిలం మా జుట్టు కోసం రాలేదు. దీపం చుట్టూ మూగిన పురుగుల కోసం వచ్చింది. ఈ చిన్న సంగతి బి.ఎడ్. చదివాక కూడా నాకు తెలియలేదంటే మీరు నమ్మాలి.

గబ్బిలం అంటే ఒకే ప్రాణి అనుకుంటాం. కాకి, గద్ద, పిచ్చుక, నెమలి అన్నిటినీ కలిపి పక్షి అన్నట్టే, గబ్బిలం అన్నది కూడా ఒక పెద్ద కుటుంబం పేరు. ప్రపంచంలో 1,400కు పైగా జాతులున్నాయి. మన దేశంలో నూటముప్ఫై దాకా ఉన్నాయి. ఇవి పక్షులు కావు, పిల్లల్ని కని పాలిచ్చే జంతువులు. మనం రెక్క అనుకునేది దాని చెయ్యే. వేళ్ళు గొడుగు పుల్లల్లా పొడుగ్గా సాగి, వాటి మధ్య పలుచని తోలు పరుచుకుంటుంది. కన్నడంలో తొగలు బావలి అనడం అందుకే. తొగలు అంటే తోలు కదా.

ఆ రెక్కను చూస్తే అది ఎక్కడ తింటుందో చెప్పవచ్చు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కోటగోడల సందుల్లో, కొండ బండల నెర్రెల్లో ఉండే సమాధి గబ్బిలాల రెక్కలు సన్నగా, పొడుగ్గా, కొడవలి ఆకారంలో ఉంటాయి. అవి చెట్ల కొనలకు ఎంతో పైన, ఆకాశంలో వేగంగా ఎగురుతూ పురుగుల్ని పట్టుకుంటాయి. కింద అడవి ఉందా, టమేటా తోట ఉందా అన్నది వాటికి అంత పట్టింపు కాదు. ఆకుముక్కు గబ్బిలాల రెక్కలు దీనికి సరిగ్గా ఎదురు. పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి. అవి నెమ్మదిగా, నేలకు దగ్గరగా, పొదకూ పొదకూ మధ్య మళ్ళుకుంటూ ఎగురుతాయి. బయలు ప్రదేశం దాటాలంటే వాటికి జంకు. ఊళ్ళోని వీధులకు అలవాటుపడ్డ మనిషిని తీసుకెళ్ళి నాలుగు లైన్ల హైవే దాటమన్నట్టు ఉంటుంది. గబ్బిలాల్లో మాంసాహారపు దొర కూడా ఒకటుంది. పెద్ద పెద్ద చెవులతో నేలమీద కప్ప కదిలిన చప్పుడు, ఎలుక కదిలిన చప్పుడు వింటుంది, దిగి ఎత్తుకుపోతుంది. ఇక మన పెంకుటిళ్ళ సందుల్లో ఉండే బుల్లి గబ్బిలం వీధి దీపం కింద తిరిగేది. అది మనతోనే కాపురం చేస్తుంది.

ఇప్పుడు అసలు కథ. 1994లో జర్మనీకి చెందిన డీటర్ కాక్, మన దేశానికి చెందిన హెచ్.ఆర్. భట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మన కోలారు జిల్లా హనుమనహళ్ళి గుహలో దొరికిన ఒక ఆకుముక్కు గబ్బిలం, అప్పటిదాకా లోకానికి తెలియని కొత్త జాతి అని ప్రకటించారు. ముక్కు మీద ఆకులాంటి తోలుమడత ఉంటుంది గనక ఆకుముక్కు గబ్బిలం అన్నాను. ఇంగ్లీషులో కోలార్ లీఫ్ నోస్డ్ బ్యాట్ అని మన ఊరి పేరే పెట్టారు. అరచేతిలో ఇమిడిపోయేంత ప్రాణి. నోటితో కాకుండా ముక్కుతో కూత పెడుతుంది. ఆ కూత పురుగుకు తగిలి తిరిగి వస్తే, చెవితో దాన్ని చూస్తుంది. ముక్కు మీది ఆకు ఆ శబ్దాన్ని ఒక దిక్కుగా పంపడానికి పనికొస్తుంది, టార్చి లైటుకు గిన్నె ఉన్నట్టు.

ఆ గుహల్లోనే దీనికి దాయాది ఒకటుంది. దుర్గాదాస్ ఆకుముక్కు గబ్బిలం అంటారు. 1970లో మధ్యప్రదేశ్‌లోని జబల్పూరు ప్రాంతం నుంచి మొదట వర్ణించిన జాతి అది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు, వారి తోటి పరిశోధకులు ఈ రెండింటి కూతలనూ యంత్రాలతో పట్టి 2015లో ప్రచురించారు. మనిషి చెవికి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. కోలారు గబ్బిలం నూటికి కాస్త పైన కూస్తుంది. దాయాది నూటడెబ్భై దగ్గర కూస్తుంది. రేడియో వినే మీకు ఇది వివరించనక్కరలేదు. ఒకే ఊళ్ళో రెండు స్టేషన్లు రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద నడుస్తున్నట్టు అన్నమాట. శ్రుతి పెరిగేకొద్దీ శబ్దం గాలిలో తొందరగా ఆరిపోతుంది. అందుచేత ఇలాంటి ప్రాణి దగ్గరలో ఉన్న పురుగునే పసిగట్టగలదు. దూరాన ఏముందో దానికి తెలియదు.

ఒకప్పుడు ఈ కోలారు గబ్బిలం రెండు గుహల్లో ఉండేది. ఒకటి హనుమనహళ్ళి, రెండోది తేరహళ్ళి. తేరహళ్ళిలో ఇప్పుడు లేదు. మిగిలింది హనుమనహళ్ళి ఒక్కటే. అక్కడ కూడా రెండు వందలకు లోపే ఉన్నాయని లెక్క తేల్చారు. మా హైస్కూల్లో పిల్లలు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జాతిని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలో చేర్చింది.

ప్రమాదం ఎలా వచ్చిందో కోలారు జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇక్కడి కొండలన్నీ గ్రానైటు. ఒక గుండు మీద ఇంకో గుండు పేర్చినట్టుండే ఈ కొండల్లో, గుండ్ల మధ్య సందులే గుహలు. రాయి తీసేవాడికి అది రాయి. మందుగుండు పెట్టి పేలిస్తే గుహ కూలనక్కరలేదు, ఆ అదురుకే గబ్బిలాలు లేచిపోతాయి. లోపల పిల్లను పెట్టుకున్న తల్లి లేచిపోతే పిల్ల నేలరాలుతుంది. ఆకుముక్కు గబ్బిలాలు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. ఎలుకలాగా ఈతకు ఎనిమిది కనే జాతి కాదు గనక, ఒక కాన్పు పోతే ఆ ఏడాది పోయినట్టే.

సంతోషించవలసింది ఏమంటే, విషయం బయటపడ్డాక ఆ చుట్టుపక్కల రాయి తవ్వడం ఆపించారు. గుహల చుట్టూ సుమారు 30 ఎకరాలు రక్షిత ప్రాంతం చేశారు. 2019 నుంచి కర్ణాటక అటవీశాఖ, బ్యాట్ కన్సర్వేషన్ ఇండియా ట్రస్టు అనే సంస్థ కలిసి ఈ జాతిని కాపాడే పని చేపట్టాయి. మన రాష్ట్రంలోనే బెళగావి దగ్గర బారాపెడె గుహల్లో రాటన్ గబ్బిలం అనే ఇంకో అరుదైన జాతి ఉంది. దానికి కూడా ఒకప్పుడు లోకంలో అదొక్కటే ఇల్లు అనుకునేవారు. తరువాత మేఘాలయలోనూ, కంబోడియాలోనూ కనబడింది. మన గబ్బిలానికి అలాంటి అదృష్టం ఇంకా పట్టలేదు.

ఇల్లు నిలబడింది. మరి భోజనం? నేను ఈ ప్రసంగంలో ముఖ్యంగా అడగదలచుకున్నది ఇదే. మనిషికి పక్కా ఇల్లు కట్టించి, రేషను కార్డు ఇవ్వకపోతే అతను ఆ ఇంట్లో ఎన్నాళ్ళుంటాడు? గబ్బిలం పగలంతా గుహలో ఉంటుంది సరే, పొద్దుగూకగానే బయటికి రావాలి. పురుగులు తినే గబ్బిలం ఒక రాత్రికి తన బరువులో సగం దాకా పురుగులు తింటుంది. పాలిచ్చే తల్లి ఇంకా ఎక్కువ తింటుంది. ఆ పురుగులన్నీ ఆ ముప్ఫై ఎకరాల్లోనే పుట్టవు. చుట్టూ ఉన్న చెరువుల్లో, పొదల్లో, గట్ల మీద, పొలాల్లో పుడతాయి. అంటే గుహ సర్కారు చేతిలో ఉంది, వంటిల్లు రైతుల చేతిలో ఉంది.

ఆ వంటిల్లు నా కళ్ళముందే ఎలా మారిందో చెబుతాను. నా చిన్నతనంలో మా ఊరి చుట్టూ కొండవాలుల్లో తంగేడు, బలుసు, కలివి, సీతాఫలం పొదలుండేవి. మొదటి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు లేచేవి. పుట్టలోంచి పొగలా వచ్చేవి. దీపం పెట్టి, కింద నీళ్ళగిన్నె పెట్టి పట్టేవాళ్ళం. వేయించుకు తినేవాళ్ళం కూడా, దాపరికమెందుకు. పొద ఉన్నచోట ఆకు తినే పురుగుంటుంది, దాని రెక్కల పురుగు ఉంటుంది, రాత్రి గబ్బిలానికి అదే అన్నం. తరువాత ఆ వాలులకు నీలగిరి తోటలొచ్చాయి. నీలగిరి రైతుకు కూలి ఖర్చు లేని పంట, కాదనను. కానీ దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. వరుసగా నిలబెట్టిన కొయ్యల్లా ఉంటుంది. భూగర్భజలం ఇంకిపోయిందని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడం నిషేధించింది. నీళ్ళ సంగతి అందరూ మాట్లాడారు. ఆ తోటల కింద పురుగు లేదన్న మాట ఎవరూ అనలేదు. పురుగు లేకపోతే మంచిదే కదా అనుకుంటాం మనం.

చెరువుల సంగతీ అంతే. కోలారు జిల్లాలో నది అంటే పాలారు. అది కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. మన పెద్దలు చెరువు కింద చెరువు, గొలుసుకట్టుగా వేలకొద్దీ చెరువులు కట్టారు. బేతమంగళ చెరువు నీళ్ళే కదా బంగారు గనుల ఊరికి పోయింది. చెరువులో నీళ్ళుంటే దోమ, ఈగ, నీటి పురుగు పుడతాయి. కట్ట మీది చెట్ల వెంబడే గబ్బిలాలు తిరుగుతాయి. ముందు చెప్పిన పొట్టి రెక్కల గబ్బిలానికి చెరువు కట్ట ఒక నడిచే దారి లాంటిది. చెరువులు ఏళ్ళ తరబడి ఎండి, కట్ట మీద చెట్లు కొట్టేస్తే, దాని దారి తెగిపోతుంది. 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు పైపుల్లో మన చెరువులకు వస్తున్నాయి. ఆ నీటి మంచిచెడ్డల మీద వాదాలున్నాయి. ఆ వాదం ఇంకో ప్రసంగం పని. నేను చూసినంతవరకు, నీళ్ళొచ్చిన చెరువు మీద సాయంత్రం పూట గబ్బిలాలు తిరుగుతున్నాయి. చిన్నవి, వేగంగా తిరిగేవి.

ఇక మందులు. టమేటాకు వారానికోసారి కొట్టే రైతులు నాకు తెలుసు. పురుగును చంపడానికే కొడతారు, తప్పు పట్టను. అప్పు తెచ్చి పెట్టిన పంట. కానీ గబ్బిలం కూడా ఆ పురుగునే తింటుంది, కూలి అడగదు. థాయిలాండ్‌లో ఒక జాతి గబ్బిలం వరిని పీల్చే దోమను తిని ఏడాదికి దాదాపు 2,900 టన్నుల బియ్యం నష్టపోకుండా కాపాడుతోందని 2014లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మన దగ్గర అలా లెక్క కడితే గబ్బిలానికి ఎంత బాకీ పడ్డామో తెలుస్తుంది.

వెలుతురు కూడా ఒక మార్పే. 1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు కరెంటు వచ్చింది. బెంగళూరు కన్నా ముందు మనకే వెలుతురు వచ్చిందని మా పెదనాన్న గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన చాంపియన్ రీఫులో పనిచేశాడు. ఇప్పుడు ప్రతి హళ్ళిలోనూ తెల్లని ఎల్ఈడీ దీపాలు. దీపం చుట్టూ పురుగులు మూగుతాయి గనక పెంకుల సందులోని బుల్లి గబ్బిలానికి అది పెళ్ళి భోజనం. నెమ్మదిగా ఎగిరే ఆకుముక్కు జాతులు మాత్రం వెలుతురుకు దూరంగా పోతాయి. వెలుతురులో వాటిని గుడ్లగూబ పట్టుకుంటుంది. ఒకే దీపం ఒకరికి వడ్డన, ఇంకొకరికి గోడ.

ఒకసారి తరగతిలో ఇదంతా చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “సార్, గబ్బిలాలు తగ్గిపోతున్నాయంటారు, మా ఇంటి దగ్గర సాయంత్రమైతే బోలెడు తిరుగుతాయి కదా” అన్నాడు. మంచి ప్రశ్న. వాడు చెప్పిందీ నిజమే. తగ్గింది గబ్బిలాలు కాదు, రకాలు. సంతలో పదిమంది పది రకాల సరుకు అమ్మేవాళ్ళనుకోండి. తొమ్మిదిమంది పోయి, టమేటా అమ్మేవాడే పది బుట్టలు పెట్టుకుంటే, సంత నిండుగానే కనిపిస్తుంది. ఏది దొరికితే అది తినేది, ఎక్కడ చోటుంటే అక్కడ వేలాడేది బాగానే బతుకుతుంది. ఫలానా గుహలోనే ఉంటాను, ఫలానా పొద పక్కనే తింటాను అనే జాతి పోతుంది. అది పోయిన సంగతి కూడా మనకు తెలియదు, ఎందుకంటే ఆకాశంలో గబ్బిలం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

పండ్లు తినే గబ్బిలాల్లోనూ ఇదే కథ. మూడింటిని పోల్చి చూడండి. అన్నిటికన్నా పెద్దది, పగలు చెట్టుకు తలకిందులుగా గుంపులుగా వేలాడేది. దానికి పెద్ద చెట్టు కావాలి, మర్రో రావో చింతో. తిండి కోసం రాత్రికి ఎన్నో మైళ్ళు పోగలదు కాబట్టి తిండికి కొరత తక్కువ, ఇంటికి కొరత ఎక్కువ. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేది ఆ చెట్లే. రెండోది చీకటి ఇష్టపడేది, గుహల్లో, పాడుబడ్డ బావుల్లో, సొరంగాల్లో ఉంటుంది. పండు తినేవాటిలో ఇది నాలుకతో టిక్కుటిక్కుమని చప్పుడు చేసి చీకట్లో దారి చూసుకోగలదు. తక్కినవి కళ్ళతో, వాసనతో నెట్టుకొస్తాయి. పాత బావులు పూడ్చినకొద్దీ దీనికి చోటు తగ్గుతుంది. మూడోది చిన్నది, పొట్టి ముక్కుది. తాటాకు కిందో, అరటాకు కిందో, అశోక చెట్టు గుబురులోనో నలుగురైదుగురు సర్దుకుంటారు. మన ఇళ్ళ జామ, సపోటా, బాదం, వేపపండు, బడి ఆవరణలోని గసగసె పండ్లు దీని ఆస్తి. ఊరు పెరిగినకొద్దీ ఇదీ పెరుగుతుంది. ఆకాశంలో వాడు చూసినవి చాలావరకు ఇవీ, ఆ పెంకుల సందువీ.

కేజీఎఫ్‌లో ఈ రెండు ముఖాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక దొరల బంగళాల చుట్టూ నాటిన పెద్ద చెట్లు ఒక పక్క. రాయి పిండి చేసి బంగారం తీశాక పోసిన సైనైడు దిబ్బలు ఒక పక్క. కొండల్లా ఉండే ఆ దిబ్బల మీద ఇన్నేళ్ళైనా పొద సరిగ్గా లేవలేదు. చిన్నప్పుడు పెదనాన్న ఇంటికి పోతే, సాయంత్రం బంగళాల వైపు నుంచి పెద్ద గబ్బిలాలు వరుసగా పోవడం చూసేవాణ్ణి. దిబ్బల మీదుగా పోయేవి, దిగేవి కావు. అమెరికాలో పాత గని నోరు మూసేటప్పుడు గబ్బిలం పోయి రావడానికి వీలుగా ఇనుప కమ్మీల తలుపు పెడతారు. మనిషి పడిపోడు, గబ్బిలానికి అడ్డుండదు. మన దగ్గర పాత తవ్వకాలు పూడ్చేవాళ్ళు పూడ్చేముందు ఒక సాయంత్రం అక్కడ నిలబడి చూస్తే బాగుండును.

గుళ్ళ సంగతి చెప్పకపోతే తెలుగువాడిగా నాకు తోచదు. 1941లో జాషువా కవి గబ్బిలాన్నే దూతగా చేసి శివుడికి తన గోడు చెప్పి పంపాడు. గుడిలోకి మనిషిని రానివ్వనిచోట గబ్బిలానికి అడ్డు లేదన్న సత్యం ఆ కావ్యానికి ఆయువుపట్టు. ఇప్పుడు గబ్బిలానికీ అడ్డొచ్చింది. జీర్ణోద్ధారణ పేరుతో పాత గుడి చీకటి మండపాలకు టైల్సు వేసి, కిటికీలకు జాలీ కొట్టి, రాత్రంతా ఫోకస్ లైట్లు వేస్తున్నాం. గుడి శుభ్రంగా ఉండాలి, నిజమే. వెనక పక్క ఒక మండపం వదిలేస్తే దేవుడేమీ అనుకోడు.

రైతుల మాట కూడా వినాలి. శ్రీనివాసపురం వైపు మామిడి తోట ఉన్న మా దూరపు బంధువు ఒకాయన, “ఏమయ్యా మేష్టరూ, నువ్వు గబ్బిలాన్ని పొగడతావు, నా పండు తినేది నువ్వా అదా?” అని నిలదీశాడు. ద్రాక్షతోటవాళ్ళ బాధ ఇంకా ఎక్కువ. ఆ నష్టం లేదని నేను అనలేదు. వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి ఐదో షెడ్యూలులో, అంటే చంపినా శిక్ష లేనివాటిలో, ఏభై ఏళ్ళు ఉంచారు. 2022 సవరణతో ఆ షెడ్యూలే తీసేశారు. ఆయనతో నేను అన్నది ఒకటే. అడవి మర్రి, జువ్వి, మేడి, ఇప్ప ఉన్నంతకాలం గబ్బిలం ముందు అక్కడికి పోతుంది. అవి కొట్టేశాక దానికి మిగిలిన పళ్ళెం నీ తోటే. వల వెయ్యి, కాదనను. కానీ బిగుతుగా లాగి కట్టు, కన్నాలు చిన్నవిగా ఉన్న వల తీసుకో. వదులు వలలో రెక్క చిక్కుకుని రాత్రంతా కొట్టుకు చస్తాయి. ఆయన పెద్దగా ఒప్పుకోలేదు. వల మాత్రం ఆ మరుసటి ఏడు బిగించి కట్టాడు.

జబ్బుల భయం ఇంకొకటి. 2018లో కేరళ కోళికోడులో నిపా వచ్చింది, దాని వైరసు పెద్ద పండ్ల గబ్బిలాల్లో ఉంటుందన్నది నిజం. 2020లో కరోనా వచ్చినప్పుడు గబ్బిలాలున్న చెట్లు కొట్టెయ్యాలన్న మాటలు దేశంలో చాలాచోట్ల వినిపించాయి. చెట్టు కొడితే గబ్బిలాలు చెదిరి ఇంకా ఎక్కువ చోట్లకు పోతాయి, ఆకలికీ బెదురుకీ వాటి ఒంట్లోని జబ్బు పైకి వస్తుంది. గబ్బిలం కొరికిన పండు తినవద్దు. కిందపడ్డ గబ్బిలాన్ని వట్టి చేత్తో పట్టుకోవద్దు. పిల్లలకు నేను చెప్పేది ఇంతే. తమిళనాట కొన్ని ఊళ్ళలో గబ్బిలాల చెట్టు ఉందని దీపావళికి టపాకాయలు కాల్చరు. వాళ్ళకు దానివల్ల జబ్బులొచ్చాయని నేను వినలేదు.

మా బడిలో ఒక పని చేశాం. పొట్టిముక్కు గబ్బిలం పండును చెట్టు మీదే తినదు. కోసుకుని వేరే చోటికి తెచ్చుకుని, నమిలి రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది, గింజ పడేస్తుంది. మా వరండా చూరు కింద రోజూ పొద్దున్నే ఆయమ్మ ఊడ్చి తిట్టుకునే చెత్త అదే. చెత్తను ఒక నెలపాటు ఊడ్చవద్దని ఆమెను బతిమాలాను. పిల్లలు పుల్లతో కదిలించి, చేతులు తగలకుండా, గింజల్ని రకాలుగా వేరు చేశారు. బాదం, వేప, సపోటా, జామ, గసగసె పిప్పి. తరువాత ఆ చెట్లు ఊళ్ళో ఎవరెవరి ఇంట్లో ఉన్నాయో పటం గీశారు. గబ్బిలం రాత్రి తిరిగిన దారి పొద్దున్న కాగితం మీదికి వచ్చింది. పిల్లలు పొంగిపోయారు. “మా ఇంటి బాదం సార్ ఇది” అని ఒకమ్మాయి గింజ చూపించి గర్వపడింది.

అప్పుడు ఆ వెనక బెంచీ పిల్లవాడే మళ్ళీ, “సార్, మర్రిపండు పిప్పి ఒక్కటీ లేదే?” అన్నాడు.

ఉండదు. మా ఊరి బయటి మర్రి రోడ్డుకు పోయి చాలా ఏళ్ళయింది. వాడు దాన్ని చూడనే లేదు. ఆ చెట్టు ఎక్కడుండేదో చూపించమంటే పిల్లలందర్నీ తీసుకుపోయాను. అక్కడ బస్ షెల్టర్ ఉంది. ఊరి పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి ఆగి, “మర్రికి విత్తనం ఎందుకు మేష్టరూ, చేతిమందం కొమ్మ నరికి పాతండి, అదే లేస్తుంది” అన్నారు.

పోయిన వానాకాలం చెరువు కట్ట కింద ఒక కొమ్మ పాతాం. మేకలు తినేశాయి. ముళ్ళకంప చుట్టి ఇంకోటి పాతాం. సెలవుల్లో కూడా ఆ పిల్లవాడే సైకిల్ మీద వెళ్ళి బిందెతో నీళ్ళు పోస్తున్నాడు. నిన్న చూసినప్పుడు నాలుగు ఆకులున్నాయి.